కిడ్నీ జబ్బున్న కుక్కకు నీళ్ల గిన్నె తీసేయకండి

ప్రశ్న: మాది అనంతపురం. మా చింటూ పొమేరియన్. పదకొండేళ్లు, తొమ్మిది కిలోలు. రెండు నెలల నుంచి నీళ్లు విపరీతంగా తాగుతున్నాడు, రాత్రిళ్లు ఇంట్లోనే పాస్ పోస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. పోయిన వారం డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, క్రియాటినిన్ 3.4, ఫాస్ఫరస్ 6.8 ఉన్నాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి అన్నారు. రీనల్ డైట్ అనే కిడ్నీ జబ్బు తిండి ప్యాకెట్ రాసిచ్చారు. వాడు దాన్ని వాసన చూసి మొహం తిప్పుకుంటున్నాడు. మాంసం పూర్తిగా మానిపించి రాగిసంగటి, పెరుగు పెడుతున్నాం. మూడు రోజుల నుంచి అదీ రెండు ముద్దలకు మించి తినడం లేదు. పొద్దున్నే తెల్లటి నురుగు కక్కుతున్నాడు. రాత్రి నీళ్ల గిన్నె తీసేయమని మా అత్తమ్మ అంటోంది. కొండపిండాకు కషాయం, ఉలవకట్టు, బార్లీ నీళ్లు తాగించమని పక్కింటివాళ్లు చెబుతున్నారు. వాడికి ఏం పెట్టాలి? ఎన్నాళ్లుంటాడు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది క్రియాటినిన్ అంకె కాదు. మూడు రోజులుగా తిండి సరిగ్గా లేదు, పొద్దున్నే నురుగు కక్కుతున్నాడు అన్న రెండు మాటలు. అందుకే ఏం పెట్టాలన్న సంగతికి ముందు ఒకటి చెబుతాను. రేపు పొద్దున్నే వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆహారం మార్చి చూద్దాం, ఇంకో రెండు రోజులు ఆగుదాం అనుకోవద్దు.

కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినాలు రక్తంలో పేరుకుంటే కుక్కకు కడుపులో తిప్పుతుంది. అన్నం వాసన తగిలితేనే వికారం. మన కంటికి అది మొండితనంలా కనిపిస్తుంది. గిన్నె దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, పెదవులు నాక్కుంటుంది, గుటకలు మింగుతుంది, వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. చింటూ ఇలాగే చేస్తుంటే వాడికి ఆకలి ఉంది, వికారం అడ్డుపడుతోంది అని అర్థం. దీనికి మంచి మందులున్నాయి. మారోపిటెంట్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి వాంతిని, వికారాన్ని ఆపుతాయి. ఎంత మోతాదు, ఇంజెక్షనా, మాత్రా అన్నది డాక్టరుగారే చూసుకుంటారు. వికారం తగ్గితే చాలా కుక్కలు ఒకట్రెండు రోజుల్లోనే మళ్లీ గిన్నె దగ్గరికి వస్తాయి. నోరు కూడా తెరిచి చూడమనండి. ఈ జబ్బులో చిగుళ్ల మీద, నాలుక అంచుల్లో పుండ్లు పడతాయి. నోట్లో పుండుంటే ఎంత రుచిగా వండినా ఎలా తింటాడు?

ఇక నీళ్ల సంగతి. మీ అత్తమ్మగారు ఇల్లు పాడవుతోందని, రాత్రంతా వాడు అవస్థ పడుతున్నాడని ప్రేమతోనే అంటున్నారు. కానీ దయచేసి గిన్నె తీయకండి, రాత్రి కూడా. వాడు నీళ్లు ఎక్కువ తాగుతున్నందుకే పాస్ ఎక్కువ పోస్తున్నాడు అనుకోవడం తప్పు. లోపల జరుగుతున్నది తిరగబడి ఉంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ నీటిని వెనక్కి లాక్కుని మూత్రాన్ని చిక్కగా చేస్తుంది. కిడ్నీలో మూడింట రెండు వంతుల పని పోయేసరికి ఆ శక్తి పోతుంది. మూత్రం నీళ్లలా పలచగా, ఆగకుండా పోతూనే ఉంటుంది. ఆ పోయిన నీటిని పూడ్చుకోవడానికి వాడు తాగుతున్నాడు. అడుగున చిల్లుపడ్డ బిందెలో నీళ్లు పోయడం మానేస్తే చిల్లు పూడదు, బిందె ఖాళీ అవుతుంది. ఒక్క రాత్రి నీళ్లు లేకపోయినా ఒంట్లో నీరు తగ్గి, కిడ్నీకి రక్తం సరిగ్గా అందక, మిగిలున్న కాస్త భాగం కూడా దెబ్బతినొచ్చు. అందులోనూ మన అనంతపురం ఎండలు. వేసవిలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టండి. మీరు తాగే నీళ్లే పెట్టండి. పూటపూటకీ మార్చండి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి బయటికి తిప్పండి. వాడు పడుకునే చోట పాత దుప్పటి మడత, దాని కింద ప్లాస్టిక్ షీటు వేస్తే ఉతుక్కోవడం సులువు. ఇంట్లో పోసినందుకు మాత్రం ఎవరూ వాడిని తిట్టకండి. ఆపుకోవడం వాడి చేతుల్లో లేదు.

క్రియాటినిన్ గురించి. కిడ్నీలు బయటికి పంపాల్సిన మలినాల్లో ఇదొకటి. ఇది పెరిగి కనిపించేసరికే కిడ్నీలో దాదాపు నాలుగింట మూడు వంతుల పని పోయి ఉంటుంది. అందుకే జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడింది. మీరు గమనించకపోవడం వల్ల కాదు, ఆ బాధ పెట్టుకోకండి. కిడ్నీ జబ్బులకు ప్రపంచమంతా పశువైద్యులు వాడే ఐరిస్ లెక్క ప్రకారం కుక్కల్లో క్రియాటినిన్ 1.4 నుంచి 2.8 వరకు రెండో దశ, 2.9 నుంచి 5.0 వరకు మూడో దశ, 5 దాటితే నాలుగోది. చింటూ అంకె మూడో దశలో పడుతుంది. అయితే ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు తీసిన రక్తంలో క్రియాటినిన్ ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి సెలైన్ ఎక్కించి, వాంతులు ఆగి, వాడు కాస్త కుదుటపడ్డాక మళ్లీ పరీక్ష చేయించాలి. అసలు దశ అప్పుడే తెలుస్తుంది.

అదే సమయంలో మూత్రపరీక్ష కూడా అడగండి. మన దగ్గర రక్తపరీక్షతో సరిపెట్టేయడం ఎక్కువ, కానీ ఈ జబ్బులో మూత్రం చెప్పేది తక్కువేం కాదు. ప్రొటీన్ పోతోందా అన్నది యూపీసీ అనే పరీక్షలో తెలుస్తుంది. 0.5 దాటితే ప్రొటీన్ పోతున్నట్టే, దానికి వేరే మందులున్నాయి. బీపీ కూడా చూడాలి. కిడ్నీ జబ్బున్న కుక్కల్లో బీపీ పెరిగి, ఉన్నట్టుండి చూపు పోయిన సందర్భాలున్నాయి. పై అంకె 160 దాటితే మందు గురించి ఆలోచించాలి. మీ డాక్టరుగారి దగ్గర బీపీ చూసే సదుపాయం లేకపోతే ప్రొద్దుటూరులోనో తిరుపతిలోనో ఉన్న పశువైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాలా, బెంగళూరు వెళ్లాలా అని ఆయన్నే అడగండి. చింటూకి ఎప్పుడైనా గోమార్లు బాగా పట్టి జ్వరం వచ్చిందా? వాటి వల్ల వచ్చే ఎర్లీషియా జ్వరం లోపల మిగిలిపోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా అంతే. ఈ రెండింటికీ మందులున్నాయి కాబట్టి పరీక్ష చేయించడం దండగ కాదు.

ఇప్పుడు మీరు అడిగిన తిండి. మీరు మాంసం మానిపించి రాగిసంగటి, పెరుగు పెడుతున్నారు. కిడ్నీ జబ్బంటే పథ్యం, పథ్యమంటే చియ్యలు మానేయడం, సంగటి మనకు బలం కాబట్టి వాడికీ మంచిదే అనుకోవడం సహజం. అయితే ఈ జబ్బులో మొదట తగ్గించాల్సింది ఫాస్ఫరస్. ప్రొటీన్ సంగతి దాని తర్వాతే. పాడైన కిడ్నీ ఫాస్ఫరస్‌ను బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగి, ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగి, కిడ్నీని ఇంకా త్వరగా పాడుచేస్తుంది. మూడో దశలో అది 5 లోపు ఉండాలి, చింటూకి 6.8 ఉంది. తెల్ల బియ్యంతో పోలిస్తే రాగుల్లో ఫాస్ఫరస్ రెట్టింపు దాకా ఉంటుంది. జొన్నలు, కొర్రలు కూడా తెల్ల బియ్యం కంటే ఎక్కువే. పెరుగులోనూ తక్కువేం కాదు. మనుషులకు నేను సంగటి వద్దనను, మన సీమలో ఎవరైనా అనగలరా? చింటూకి మాత్రం ఇప్పుడు మెత్తగా ఉడికిన తెల్లన్నమే మంచిది.

మాంసం పూర్తిగా మానిపించడం కూడా సరికాదు. ప్రొటీన్ బొత్తిగా అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. అలా కరిగిన కండ నుంచి కూడా యూరియా అనే మలినం పుడుతుంది. మలినం తగ్గకపోగా కుక్క నీరసించిపోతుంది. ఈ జబ్బులో ఒళ్లు నిలుపుకున్న కుక్కలే ఎక్కువ కాలం ఉంటాయి. కాబట్టి ప్రొటీన్ కొంచెంగా, కానీ మేలైనది ఇవ్వాలి. అందుకు ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొనను మించింది లేదు. ప్రొటీన్ మంచిది, ఫాస్ఫరస్ దాదాపు లేదు. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ, అది మీరు తినేయండి.

వికారం తగ్గి వాడు ముద్ద ముట్టడం మొదలుపెట్టాక, తొమ్మిది కిలోల చింటూకి రోజు మొత్తానికి ఉడికిన తెల్లన్నం 200 గ్రాములు, రెండు గుడ్ల తెల్లసొన, ఎముక లేని కోడిమాంసం 30 గ్రాములు, రెండు చిన్న చెంచాల నెయ్యి లేదా నూనె, కొంచెం ఉడికించిన సొరకాయో బీరకాయో కలిపి, నాలుగు పూటలుగా పెట్టండి. కోడి ముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయండి. ఫాస్ఫరస్ కొంత ఆ నీళ్లలోకి దిగిపోతుంది. వాసన కోసం ఆ నీళ్లు ఒక చెంచాడు అన్నం మీద చల్లితే తప్పులేదు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు. గోరువెచ్చగా పెట్టండి. వాసన బాగా వస్తే తినే అవకాశం ఎక్కువ. అరగంటలో తినకపోతే గిన్నె తీసేయండి. మన ఎండకు తడి అన్నం ఇట్టే పులిసిపోతుంది.

ఇది పది, పదిహేను రోజులు గట్టెక్కడానికే. నెలల తరబడి ఇదే పెడితే కాల్షియం, విటమిన్లు చాలవు. ఎప్పటికీ ఇంటి తిండే పెడతామంటే కాల్షియం ఎంత, సప్లిమెంట్లు ఏవి, చేపనూనె ఎంత అన్నది డాక్టరుగారి చేత రాయించుకోవాలి. గుడ్డుపెంకు పొడి కలపమని ఎవరైనా చెబుతారు. అందులోని కాల్షియం కార్బొనేట్ తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకునే మాట నిజమే గానీ, రక్తంలో కాల్షియం ఎంతుందో చూడకుండా వేస్తే అది వేరే ప్రమాదం. తిండి మార్చినా ఫాస్ఫరస్ దిగకపోతే డాక్టరుగారు అల్యూమినియం హైడ్రాక్సైడ్ లాంటి మందు రాస్తారు. దాన్ని మాత్రం తిండితోనే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఇస్తే ఉపయోగం లేదు. మిగతా మాత్రల్ని అన్నంలో దాచిపెట్టకండి. ఒకసారి చేదు తగిలిందా, ఆ అన్నం మీదే వాడికి అసహ్యం పుడుతుంది.

ఆ రీనల్ డైట్ ప్యాకెట్ పక్కన పడేయొద్దు. రాయల్ కానిన్ రీనల్, హిల్స్ కె/డి, ఫార్మినా వెట్ లైఫ్ రీనల్ లాంటివి ఫాస్ఫరస్, ఉప్పు తగ్గించి, చేపనూనె కలిపి ఈ జబ్బు కోసమే చేసినవి. 38 కుక్కల మీద అమెరికాలో చేసి 2002లో ప్రచురించిన ఒక పరిశోధనలో, మామూలు తిండి తిన్నవాటి కంటే ఈ రకం తిండి తిన్నవాటికి జబ్బు ఒక్కసారిగా ముదిరే పరిస్థితి చాలా తక్కువ వచ్చింది. ఖరీదు ఎక్కువన్నది నిజం. కానీ చింటూ విషయంలో అసలు ఇబ్బంది సమయం. వికారంతో ఉన్న కుక్కకు కొత్త తిండి పెడితే, ఆ వికారం ఆ తిండి వల్లే వచ్చిందని అది గుర్తుపెట్టుకుని తర్వాత ఎప్పటికీ ముట్టదు. ప్యాకెట్‌ను గాలి తగలకుండా దాచి, వాడు కోలుకున్నాక మొదట నాలుగు గింజలు అన్నంలో కలిపి, రెండు వారాల్లో మెల్లగా పెంచుకుంటూ రండి. గింజల్ని గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఒంట్లోకి నీరూ చేరుతుంది. పూర్తిగా మారకపోయినా, సగం ప్యాకెట్ సగం ఇంటి తిండి తిన్నా నాకు సంతోషమే. ఏదీ తినకుండా పడుకోవడం కంటే ఏదో ఒకటి తినడం మేలు. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. అలాగని నోరు తెరిచి ముద్దలు కుక్కొద్దు.

మానిపించాల్సినవి చెబుతాను. కార్జం, బోటి, తలకాయ, బొమికెలు, బొమికెల పులుసు, పాలు, పప్పు, శెనక్కాయలు. వీటన్నిటిలో ఫాస్ఫరస్ ఎక్కువ. ఉప్పు బొరుగులు, బిస్కెట్లు, అప్పడాలు కూడా వద్దు. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీకి విషమని పశువైద్యులకు ఎప్పట్నుంచో తెలుసు. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని 2021 నుంచి గట్టిగా అనుమానిస్తున్నారు, ఆ ఆమ్లం చింతపండులో ఇంకా ఎక్కువ. మన ఇళ్లలో చారన్నం, పులిహోర, పులుసన్నం మిగిలితే కుక్కకు కలిపేయడం మామూలే. చింటూకి ఇకమీదట చింతపండు తగిలిన ముద్ద ఒక్కటీ వద్దు. ఇంటికొచ్చే చుట్టాలకు, ముఖ్యంగా పిల్లలకు ముందే చెప్పి పెట్టండి.

కొండపిండాకు, ఉలవకట్టు మన దగ్గర కిడ్నీలో రాళ్లకు వాడతారు. చింటూది రాళ్ల జబ్బు కాదు. మూత్రం ఎక్కువ పోయించే కషాయం, ఇప్పటికే నీరు నిలవని ఒంట్లోంచి ఇంకా నీరు లాగేస్తుంది. ఉలవలు పప్పుజాతి కాబట్టి ఫాస్ఫరస్ సమస్య ఉండనే ఉంది. బార్లీ నీళ్లతో పెద్ద హాని లేదు గానీ అది మందు కాదు, కడుపు నింపి తినే రెండు ముద్దలూ తిననివ్వదు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. రక్తంలో పొటాషియం ఎంతుందో చూడకుండా అవీ వద్దు. పక్కింటివాళ్లు మంచి మనసుతోనే చెప్పారు, వాళ్లతో వాదన పెట్టుకోకుండా "డాక్టరు వద్దన్నారు" అనేయండి.

వీటన్నిటికంటే ప్రమాదం నొప్పి మాత్రలు. పదకొండేళ్ల కుక్క కుంటితే, మూలిగితే ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్ర సగం విరిచి వేసేవాళ్లు ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క కిడ్నీలనే అవి దెబ్బతీస్తాయి, చింటూకి ఒక్క మాత్ర చాలు ప్రాణం మీదికి రావడానికి. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చినా, జ్వరానికో పుండుకో ఇంజెక్షన్ చేసే ముందే "వీడికి కిడ్నీ జబ్బుంది" అని చెప్పండి. మెలాక్సికామ్ అనే నొప్పి మందు, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ లాంటివి ఇలాంటి కుక్కకు తప్పించాల్సినవి. రిపోర్టుల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి.

డాక్టరుగారు ఇంటి దగ్గర చర్మం కింద సెలైన్ ఇవ్వమంటే భయపడకండి. నేర్చుకుంటే కష్టం కాదు. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) బాటిల్‌ను గోరువెచ్చని నీళ్ల బకెట్లో కాసేపు ఉంచి, కిటికీ ఊచకు కట్టండి. చింటూని ఒడిలో కూర్చోబెట్టుకుని, భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని ఎడమచేత్తో గుడారంలా పైకి ఎత్తితే కింద చిన్న సందు ఏర్పడుతుంది. సూది అందులోకి వెళ్లాలి, కండలోకి కాదు. నీరు దిగుతుంటే వీపు మీద మెత్తటి గడ్డలా ఉబ్బుతుంది. అది ఒక్కోసారి ముందుకాలు వైపు జారి మీకు కంగారు పుట్టిస్తుంది, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది. ఎంత, ఎన్ని రోజులకొకసారి అన్నది డాక్టరుగారు చెప్పినంతే. గుండె జబ్బుంటే ఇది ప్రమాదం కాబట్టి సొంతంగా పెంచొద్దు. మొదటి రెండుసార్లు ఆయన ముందే మీ చేత్తో చేయండి. ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకుంటే మంచిది, మీరు ఊరెళ్లినప్పుడు ఆగిపోకుండా ఉంటుంది.

డయాలసిస్ గురించి ఎవరైనా చెప్పి ఉంటారు. మద్రాసు పశువైద్య కళాశాలలో కుక్కలకు చేస్తారు. విషం వల్లో, లెప్టో వల్లో కిడ్నీలు ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్లీ కోలుకునే అవకాశం ఉన్నవాటికి అది ప్రాణం పోస్తుంది. నెలల తరబడి మెల్లగా పాడైన కిడ్నీని అది తిరిగి తేలేదు. దాని కోసం అప్పు చేసి పరుగెత్తే ముందు మీ డాక్టరుగారితో మాట్లాడండి.

ఎన్నాళ్లుంటాడన్నారు. పాడైన భాగం తిరిగి రాదమ్మా, దాన్ని దాచి చెప్పను. మూడో దశలో కొన్ని కుక్కలు కొన్ని నెలలే ఉంటాయి, ఏడాది, రెండేళ్లు దాటి తిరిగినవీ ఉన్నాయి. ఫాస్ఫరస్ దిగితే, బీపీ అదుపులో ఉంటే, మూత్రంలో ప్రొటీన్ పోకపోతే, ఒళ్లు నిలిస్తే ఎక్కువ కాలం ఉండేవాటిలో చేరే అవకాశం పెరుగుతుంది. వారానికోసారి బరువు చూడండి. వాడిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేస్తే సరిపోతుంది. ఒక రోజంతా ఏమీ తినకపోయినా, నీళ్లు తాగినా నిలవక కక్కినా, పాస్ బాగా తగ్గిపోయినా, విరేచనం నల్లగా తారులా వచ్చినా, గోడలకు గుద్దుకుంటున్నా ఆ రోజే తీసుకెళ్లండి. మందులన్నీ వాడినా వారాల తరబడి తినకుండా, మనుషుల్ని చూసి తోక కూడా ఆడించని స్థితి వస్తే, బాధ లేకుండా సాగనంపడం గురించి డాక్టరుగారితో మాట్లాడటం పాపం కాదు. కానీ మీరు రాసినదాన్ని బట్టి చింటూ అక్కడ లేడు. వాడికి ఇంకా సరైన వైద్యమే మొదలు కాలేదు.

రేపు వెళ్లేటప్పుడు శుభ్రమైన డబ్బాలో తెల్లవారుజామున పోసిన మూత్రం కొంచెం పట్టుకెళ్లండి, మూత్రపరీక్ష వెంటనే అయిపోతుంది. యూపీసీ, బీపీ, మళ్లీ చేసిన క్రియాటినిన్, పొటాషియం అంకెలు వచ్చాక ఇంకోసారి రాయండి. వాటిని బట్టి తిండిలో ఏం మార్చాలో చూద్దాం.